సైకాలజిస్టు మందు రాయకూడదు: మరి ఎవరు రాయాలి, చీటి సరిహద్దు దాటితే ఏం చేయాలి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వైపు తెలుగు కుటుంబాలకు మానసిక వైద్యం చాలాసార్లు ఒడిశా, ఆంధ్ర రెండు రాష్ట్రాల మధ్య సాగుతుంది. కౌన్సెలింగ్ ఒక ఊళ్లో, మందులు రాసే డాక్టరు ఇంకో ఊళ్లో, మాత్రలు కొనేది ఇంటి దగ్గరి మెడికల్ షాపులో. మధ్యలో ఒక్క కాగితం తేడా వచ్చినా మందు ఆగిపోతుంది, ఆగితే జబ్బు తిరగబెడుతుంది. అందుకని ఎవరి సంతకం ఎక్కడ చెల్లుతుందో ముందే తెలుసుకుని బయల్దేరాలి.

చట్టం ఏమంటుంది

మన దేశంలో ఏ రాష్ట్రంలోనూ క్లినికల్ సైకాలజిస్టుకు, అంటే థెరపీతో, పరీక్షలతో మానసిక జబ్బులు చూసే నిపుణుడికి, మందు రాసే అధికారం లేదు. ఎం.ఫిల్. ఉన్నా, పీహెచ్‌డీ ఉన్నా, పేరు ముందు డాక్టర్ అని రాసుకున్నా అంతే. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 106వ సెక్షన్ ప్రకారం ఏ నిపుణుడూ తన వృత్తి పరిధిలో లేని మందును గానీ చికిత్సను గానీ చెప్పకూడదు, సిఫారసు చేయకూడదు. అంటే మందు రాయడం ఒక్కటే కాదు, సిఫారసు కూడా తప్పే. మొదటిసారి ఉల్లంఘనకు 108వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మళ్లీ చేస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

షాపువాడి చేతులు కట్టేది వేరే చట్టం. మానసిక జబ్బుల మందులు దాదాపు అన్నీ 1945 నాటి ఔషధ నియమాల్లోని షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ జాబితాల్లో ఉంటాయి. రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ రాసిన చీటి లేకుండా వాటిని అమ్మకూడదు. ఊళ్లో మనం ఆర్ఎంపీ డాక్టరు అని పిలిచే ఆయన ఈ లెక్కలోకి రాడు. ఆయన పేరు ఏ మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులోనూ ఉండదు. సైకాలజిస్టు పేరూ ఉండదు. కాబట్టి సైకాలజిస్టు చీటి చూసి షాపువాడు మందు ఇవ్వనంటే పోట్లాడకండి, ఆయన చేసింది సరైన పనే.

గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల తెలుగువాళ్లు ఒక తేడా గమనించాలి. ఔషధ నియమాల్లోని 2(ఈఈ) నిబంధన, ఎవరిని మందులు రాసేవారిగా గుర్తించాలో తేల్చే కొంత వెసులుబాటు రాష్ట్రాలకు ఇచ్చింది. మహారాష్ట్ర దాన్ని వాడుకుని కొందరు ఆయుర్వేద వైద్యులకు అల్లోపతి మందులు రాసే వీలు కల్పించింది. ఫార్మకాలజీలో ఏడాది కోర్సు చేసిన హోమియోపతి వైద్యులకూ 2014లో చట్ట సవరణ చేసింది. దీని మీద గొడవలు ఆగలేదు. సైకాలజిస్టులకు మాత్రం ఆ దారి ఏ రాష్ట్రమూ తెరవలేదు.

నంబరు చూడండి, బోర్డు కాదు

సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. తర్వాత ఎం.డి. సైకియాట్రీ, డి.ఎన్.బి., లేదా డి.పి.ఎం. చదివినవాళ్లు. వాళ్ల చీటి మీద రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైటులో ఇండియన్ మెడికల్ రిజిస్టర్ పేజీకి వెళ్లి వెతకవచ్చు. పేరుతో కాకుండా నంబరు, కౌన్సిల్ ఎంచుకుని వెతకండి. మన పేర్లూ ఒడియా పేర్లూ రికార్డుల్లో రకరకాల స్పెల్లింగులతో ఉంటాయి. పేరు కొట్టి దొరకలేదని దొంగ డాక్టరని అనుకోవడం తొందరపాటు.

క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చే సీఆర్ఆర్ (సెంట్రల్ రిహాబిలిటేషన్ రిజిస్టర్) నంబరు ఉంటుంది. దాన్నీ ఆ కౌన్సిల్ వెబ్‌సైటులో సరిచూడవచ్చు. గడువు తేదీ కూడా చూడండి. ఉత్త ఎం.ఏ. సైకాలజీ, లేదా కొన్ని వారాల ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు కౌన్సెలర్లు కావచ్చు గానీ చట్టం చెప్పే క్లినికల్ సైకాలజిస్టులు కారు.

ప్రభుత్వ ఎం.బి.బి.ఎస్. డాక్టరు కూడా మానసిక జబ్బు మందులు రాయవచ్చు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద వాళ్లకు ఇందులో శిక్షణ ఇస్తారు కూడా. సైకియాట్రిస్టు మొదలుపెట్టిన మందును ఊళ్లోని మెడికల్ ఆఫీసరు కొనసాగించడం మంచి ఏర్పాటు. ప్రతి నెలా వైజాగ్ రైలెక్కలేని కుటుంబాలకు ఇదే నిలిచే దారి.

సైకాలజిస్టు ఏం రాయాలి

మందు రాయనివాళ్ల దగ్గరికి ఎందుకు వెళ్లడం అనే మాట ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. అది సరికాదు. అతిశుభ్రత, పదేపదే తాళం చూసుకోవడం లాంటి ఓసీడీ లక్షణాలకూ, భయాలకూ, తేలికపాటి డిప్రెషన్‌కూ క్రమపద్ధతిలో చేసే థెరపీ నిజంగా పనిచేస్తుంది. బుద్ధిమాంద్యం, చదువులో ఇబ్బంది తేల్చే పరీక్షలు చేసేదీ వాళ్లే. మందు అవసరమని వాళ్లకు అనిపిస్తే రాయాల్సింది రెఫరల్ ఉత్తరం. ఆ ఉత్తరం బాగుంటే రద్దీ ఓపీలో ఉన్న కొద్ది నిమిషాల్లోనే సైకియాట్రిస్టు పని సగం అయిపోతుంది.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. పేరు, వయసు, ఎవరు తీసుకొచ్చారు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని మొదలుపెట్టండి. భాష రాయడం చిన్న విషయం కాదు. తెలుగే వచ్చిన ముసలమ్మను ఒడియాలో ప్రశ్నలడిగితే సగం జవాబులు తప్పుగా నమోదవుతాయి. తర్వాత లక్షణాలు, ఎన్నాళ్లుగా ఉన్నాయి, నిద్ర ఎన్ని గంటలు, తిండి ఎలా ఉంది. స్కేలు వాడితే అంకె వేయండి. డిప్రెషన్ తీవ్రత కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో మొత్తం 27 మార్కులు. 10 నుంచి మధ్యస్థం, 20 నుంచి తీవ్రం. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాని జవాబు వస్తే మొత్తం మార్కులు తక్కువే ఉన్నా విడిగా రాసి కింద గీత గీయాలి.

తరచూ వదిలేసేది ఒకటుంది. రోగికి గానీ రక్తసంబంధీకులకు గానీ ఎప్పుడైనా విపరీతమైన హుషారు, నిద్రలేకుండా తిరగడం, ఉన్నదంతా ఖర్చుపెట్టేయడం లాంటి దశ వచ్చిందా? బైపోలార్ (ఇలాంటి హుషారు దశ, డిప్రెషన్ మారిమారి వచ్చే జబ్బు) ఉన్న మనిషికి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ఉన్మాద దశలోకి తోసే ప్రమాదం ఉంది. ఈ సంగతి ఇంట్లోవాళ్లు ఓపీలో చెప్పరు, చాలాసార్లు సైకాలజిస్టు గదిలోనే బయటపడుతుంది. కాబట్టి అది ఉత్తరంలో ఉండాల్సిందే. వాడుతున్న మందులన్నీ, బీపీ, షుగరు, ఫిట్స్ మందులతో సహా, స్ట్రిప్పు చూసి మిల్లీగ్రాములతో రాయండి.

ఏం రాయకూడదో కూడా చెప్పుకోవాలి. 'ఎస్కిటాలోప్రామ్ 10 మి.గ్రా. మొదలుపెడితే బాగుంటుంది' అన్న వాక్యం 106వ సెక్షన్‌కు చిక్కుతుంది. దాని బదులు 'ఆరు సెషన్ల తర్వాత స్కోరు 19 నుంచి 17కే తగ్గింది, నిద్ర మూడు గంటలే, మందు అవసరమేమో పరిశీలించగలరు' అని రాస్తే చెప్పాల్సింది చెప్పినట్టే, గీత దాటనట్టే. ఫోనులో 'మాత్ర సగానికి తగ్గించండి', 'ఇక ఆపేయండి' అనడం కూడా మందు రాయడం కిందే జమ అని మా అభిప్రాయం. మందు వల్ల మత్తు ఎక్కువగా ఉందనిపిస్తే ఆ సంగతి రాసిన డాక్టరుకు చెప్పాలి, రోగికి కాదు.

చీటిలో ఏమేం ఉండాలి

ఔషధ నియమాల్లో 65వది చదివితే షాపువాళ్ల సణుగుడు సగం అర్థమవుతుంది. చీటి మీద డాక్టరు సంతకం, తేదీ, రోగి పేరు, చిరునామా, మందు మొత్తం ఎంత, ఒక్కో డోసు ఎంత అన్నవి ఉండాలి. డాక్టరు గదిలోంచి బయటికి రాకముందే నిలబడి చూసుకోండి. అందరూ మరచిపోయేది మొత్తం ఎన్ని మాత్రలన్నది. 'రాత్రి 1' అని మాత్రమే ఉంటే ఎన్ని రోజులకో షాపువాడికి తెలియదు. '0-0-1, 30 రోజులు, 30 మాత్రలు' అని ఉండాలి. మందు పేరు పెద్ద అక్షరాల్లో, జెనెరిక్ పేరుతో రాయమని అడగడం మీ హక్కే, మొహమాటపడకండి.

చీటిలో ప్రత్యేకంగా రాయకపోతే దాన్ని ఒక్కసారి మాత్రమే వాడాలి. రెండో నెల అదే చీటి చూపితే ఇవ్వనంటారు, నిబంధన అదే. అందుకని మూడు నెలలకోసారి డాక్టరును చూసేవాళ్లు 'నెలకోసారి చొప్పున మూడుసార్లు ఇవ్వవచ్చు' అని చీటి మీదే రాయించుకోవాలి. మందు ఇచ్చిన ప్రతిసారీ షాపు పేరు, తేదీ చీటి మీద పడాలి. చీటిని లామినేషన్ చేయించకండి, దాని మీద ముద్ర పడదు.

అల్‌ప్రజోలమ్, డయజెపామ్, జోల్పిడెమ్ లాంటి నిద్రమాత్రలు షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. 2014 మార్చి 1 నుంచి వీటిని అమ్మితే డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, పరిమాణం వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. ఏకాగ్రత లోపానికి పిల్లలకిచ్చే మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్‌లో ఉంది. దానికి చీటి రెండు ప్రతులు కావాలి. ఒకటి షాపులో రెండేళ్లు ఉంటుంది. ఒక్క ప్రతితో వెళ్లి వెనక్కి తిరిగొచ్చే తల్లిదండ్రులు చాలామంది. రెండో ప్రతి డాక్టరు దగ్గరే తీసుకోవాలి, జిరాక్సు పనికిరాదు.

సరిహద్దు అటూ ఇటూ

విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలలో గానీ శ్రీకాకుళంలో గానీ రాసిన చీటి రాయగడలో చెల్లదని కొందరు షాపువాళ్లు అంటారు. 65వ నియమంలో రాష్ట్రం గీత ఏదీ లేదు. రిజిస్టరైన డాక్టరు రాసింది దేశమంతటా చెల్లుతుంది. ఆంధ్ర కౌన్సిల్ నంబరు ఉన్న చీటి గుణుపురంలోనూ, ఒడిశా కౌన్సిల్ నంబరు ఉన్న చీటి పార్వతీపురంలోనూ చూపవచ్చు. నంబరు లేకపోతేనే ఇబ్బంది.

ఇంకో చిక్కు బ్రాండ్లది. అక్కడ దొరికిన కంపెనీ ఇక్కడ ఉండదు. జెనెరిక్ పేరు, మిల్లీగ్రాములు, విడుదల తీరు, ఈ మూడూ కలిస్తేనే అదే మందు. సాదా మాత్ర బదులు నెమ్మదిగా కరిగే ఎస్ఆర్, సీఆర్ రకం ఇస్తే అది అదే మందు కాదు. బైపోలార్‌కు వాడే లిథియం 300 సాదాగా, 400 ఎస్ఆర్‌గా దొరుకుతుంది. ఒకటి లేదని ఇంకొకటి చేతిలో పెడితే తీసుకోకండి, రాసిన డాక్టరుకు ఫోను చేయించండి. సోడియం వాల్‌ప్రోయేట్, డైవాల్‌ప్రోయెక్స్ విషయంలోనూ ఇంతే.

డబ్బు పెట్టలేనివాళ్లకు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 18వ సెక్షన్ అండగా ఉంది. అత్యవసర మందుల జాబితాలోని మానసిక జబ్బు మందులు కమ్యూనిటీ హెల్త్ సెంటర్ నుంచి పైస్థాయి ప్రభుత్వ ఆసుపత్రులన్నింట్లో ఉచితంగా, ఎప్పుడూ దొరకాలి. ఒడిశాలో ఉచిత మందుల కౌంటరును నిరామయ పేరుతో అడగండి. బయటి చీటి నేరుగా కౌంటరులో ఇస్తే మామూలుగా కుదరదు. ముందు ఆ ఆసుపత్రిలో ఓపీ చీటి తీసుకుని, పాత చీటి చూపి, అక్కడి డాక్టరు చేత అదే మందు రాయించుకుని కౌంటరుకు వెళ్లాలి. జాబితాలో లేని మందైతే, దానికి దగ్గరిది ఉందా అని డాక్టరునే అడగండి, కౌంటరులో బేరం పెట్టకండి. పెద్ద చూపుకు బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ, కోరాపుట్‌లో శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఉన్నాయి.

డిశ్చార్జి సమ్మరీ, రక్తపరీక్షల కాగితాలు అడిగి తీసుకోండి. వైద్య రికార్డులు చూసే హక్కు అదే చట్టంలోని 25వ సెక్షన్ ఇచ్చింది. రాష్ట్రం మారినప్పుడు కొత్త డాక్టరు మొదట అడిగేది ఇవే.

ఫోను, వీడియో ద్వారా డాక్టరును చూసే వీలు 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలతో వచ్చింది. షెడ్యూల్ ఎక్స్ మందులు, మత్తుమందుల చట్టం కిందికొచ్చేవి మాత్రం ఫోనులో రాయకూడదు. అల్‌ప్రజోలమ్ ఆ చట్టం కిందిదే, దాని కోసం వీడియో కాల్ పెట్టి ప్రయోజనం లేదు. డాక్టరు ఊరు దూరమైతే ఈ ఒక్క మందు కోసమైనా స్థానిక డాక్టరుతో పరిచయం పెట్టుకోవాలి. మాట్లాడటానికి తెలుగు మనిషి కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి మానస్ ఉంది, నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, మొదట్లోనే తెలుగు ఎంచుకోండి.

మనిషి తనను తాను గాయపరచుకునేలా ఉంటే సైకియాట్రిస్టు కోసం ఆగకండి. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 94వ సెక్షన్ కింద ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా అత్యవసర చికిత్స 72 గంటల దాకా ఇవ్వవచ్చు. 'ఇది మా విభాగం కాదు' అని పంపేయబోతే ఈ సెక్షన్ పేరు చెప్పి అడగండి.

రెండు చూపుల మధ్య చెడేవి

సైకోసిస్‌కు (లేని మాటలు వినపడటం, లేని అనుమానాలు పట్టుకోవడం లాంటి జబ్బుకు) వాడే మందు మొదలైన కొద్ది రోజుల్లో మెడ ఒక పక్కకు బిగుసుకుపోవడం, కళ్లు పైకి తిరిగిపోవడం, నాలుక మెలిపడటం జరగవచ్చు. ఇంట్లో దెయ్యమంటారు, భూతవైద్యుడి దగ్గరికి పరుగెడతారు. అది మందు దుష్ఫలితం. ఆసుపత్రిలో ఒక సూదిమందుతో కొద్దిసేపట్లో సర్దుకుంటుంది. జ్వరం, ఒళ్లంతా కట్టెలా బిగుసుకోవడం, అయోమయం కలిసి వస్తే మాత్రం ప్రాణాపాయం. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

లిథియంతో జాగ్రత్త వేరు. రక్తంలో మామూలుగా 0.6 నుంచి 1.0 మధ్య ఉంచుతారు, 1.5 దాటితే విషమవుతుంది. పరీక్షకు రక్తం చివరి మాత్ర వేసిన 12 గంటలకు ఇవ్వాలి. పొద్దున్నే మాత్ర మింగి వెళ్తే అంకె అబద్ధం చెబుతుంది. ఎండల్లో ఒళ్లు ఎండిపోయినా, వాంతులు విరేచనాలైనా, నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వేసుకున్నా లిథియం పెరుగుతుంది. చేతులు బాగా వణకడం, తూలడం, మాట తడబడటం కనిపిస్తే మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. నొప్పికి పారాసిటమాల్ వాడుకోవచ్చు.

డిప్రెషన్ మందులు పట్టు ఇవ్వడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పది రోజులకే 'పనిచేయలేదు' అని మానేసేవాళ్లే ఎక్కువ. అల్‌ప్రజోలమ్ నెలల తరబడి వాడి ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ రావచ్చు. మాత్రలు పది మిగిలి ఉన్నప్పుడే తర్వాతి చీటి పని మొదలుపెట్టండి.

అమెరికా చట్టాలు, మన ఊరి చీటి

'అమెరికాలో సైకాలజిస్టులు మందులు రాస్తారు కదా' అని పిల్లలు అక్కడున్న ఇళ్లలో అడుగుతారు. కొన్ని రాష్ట్రాల్లో మాత్రమే. న్యూమెక్సికో 2002లో మొదలుపెట్టింది, లూసియానా 2004లో. ఆ తర్వాత ఇల్లినాయ్ 2014లో, అయోవా 2016లో, ఐడహో 2017లో, కొలరాడో 2023లో, యూటా 2024లో చట్టాలు చేశాయి. ఆరెగాన్‌లో 2010లో చట్టసభలు ఒప్పుకున్నా గవర్నరు వీటో చేశారు. టెక్సాస్, కాలిఫోర్నియా లాంటి పెద్ద రాష్ట్రాలు ఈ జాబితాలో లేవు.

ఆ రాష్ట్రాల్లో కూడా మామూలు సైకాలజిస్టుకు ఈ అధికారం రాదు. డాక్టరేటు, ఆ రాష్ట్రపు లైసెన్సు, ఆపైన క్లినికల్ సైకోఫార్మకాలజీలో పై చదువు, జాతీయ పరీక్ష, పర్యవేక్షణలో రోగులను చూసిన అనుభవం ఉండాలి. న్యూమెక్సికోలో మొదటి రెండేళ్లు షరతులతో కూడిన సర్టిఫికెట్టే. ఇల్లినాయ్ చట్టం 17 ఏళ్లలోపు, 65 దాటిన వాళ్లకూ, గర్భిణులకూ రాయకూడదని గీత గీసింది. మన ఎం.ఫిల్.తో నేరుగా అక్కడికి వెళ్లి మందులు రాయడం జరగని పని. ఆ చదువు చదవాలనుకునే విద్యార్థి విశ్వవిద్యాలయం వెతికే ముందు ఏ రాష్ట్రంలో పని చేస్తారో తేల్చుకోవాలి, ఎందుకంటే లైసెన్సు రాష్ట్రానిది.

అక్కడి సైకాలజిస్టు రాసిన చీటి పట్టుకుని ఎవరైనా సెలవుకు వస్తే, దాని మీద బరంపురంలో మందు ఇవ్వరు. సైకియాట్రిస్టు రాసినా మన రిజిస్టరులో లేని పేరు చెల్లదు. వచ్చేటప్పుడే ఉండే రోజులకు సరిపడా మాత్రలు, అసలు డబ్బాల్లోనే, చీటి ప్రతితో తెచ్చుకోమనండి. ఏకాగ్రత లోపానికి అక్కడ వాడే అడరాల్ లాంటి యాంఫెటమిన్ మందులు మన షాపుల్లో దొరకవు. ఎక్కువ రోజులు ఉండాల్సి వస్తే జెనెరిక్ పేరు, మిల్లీగ్రాములు, ఎప్పటినుంచి వాడుతున్నారు, చివరి రక్తపరీక్ష, ఇవి ఒక కాగితం మీద రాయించుకుని, మాత్రలు రెండు వారాలకు సరిపడా ఉండగానే ఇక్కడి సైకియాట్రిస్టును చూడాలి. ఆయన చూసి తన పేరుతో కొత్త చీటి రాస్తారు. మిథైల్‌ఫెనిడేట్ అయితే రెండు ప్రతులు.